రైన్ లోయను ఒక్కరోజులో సరిగ్గా చూడటం ఎలా?

జర్మనీలో బింగెన్, రూడెస్‌హైమ్ పట్టణాల దగ్గర మొదలై కోబ్లెన్జ్ దాకా సాగే రైన్ లోయ పొడవు సుమారు 65 కిలోమీటర్లు. రెండు వైపులా నిటారు కొండలు, వాటి మీద దాదాపు 40 కోటలు, వాలుల్లో ద్రాక్షతోటలు, నీటి అంచున చిన్న చిన్న పట్టణాలు ఉన్న ఈ లోయను యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నేను ఫ్రాంక్‌ఫర్ట్ ప్రాంతంలో ఉంటున్నందువల్ల, ఊరి నుంచి వచ్చిన బంధువులనూ స్నేహితుల తల్లిదండ్రులనూ ఇక్కడికి తీసుకువెళ్లే పని ప్రతి వేసవిలోనూ నా మీదే పడుతుంది. సొంతంగా వెళ్లి వచ్చినవారు మాత్రం సాయంత్రానికి అలసిపోయి, "పడవలో కూర్చున్నాం, దూరం నుంచి కోటలు కనిపించాయి, అంతే" అంటుంటారు. వారి పొరపాటు దాదాపు ప్రతిసారీ ఒక్కటే. ఏ కోట చూడాలో ముందే అనుకుంటారు గాని, అది ఏ గట్టున ఉందో చూసుకోరు.

వెళ్లవలసిన కాలం మే నుంచి సెప్టెంబరు వరకు. చలికాలంలో పడవలు చాలావరకు ఆగిపోతాయి. పట్టు ఉన్న బూట్లు, నీళ్ల సీసా, గొడుగు, చిల్లర యూరోలు, పులిహోర డబ్బా ఉంటే చాలు. రైలు టికెట్టు కొనేటప్పుడు అది ఏ రాష్ట్రంలో చెల్లుతుందో చదవండి, ఎందుకంటే లోయలోని కుడి గట్టు లోర్ఖ్ దాకా హెస్సెన్ రాష్ట్రంలోనూ, మిగిలినదంతా రైన్‌లాండ్-ఫాల్జ్ రాష్ట్రంలోనూ ఉంది. రాష్ట్రాలవారీగా అమ్మే రోజువారీ టికెట్లు పని దినాల్లో ఉదయం 9 గంటల తరువాతే చెల్లుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మొదటి అంకం సులువైనది. ఫ్రాంక్‌ఫర్ట్‌కు దగ్గర్లోని మైన్జ్ నగరంలో ప్రాంతీయ రైలు ఎక్కి కుడి చేతి కిటికీ దగ్గర కూర్చోండి, నది అటువైపే కనిపిస్తుంది. బింగెన్ దాటుతుండగా నది మధ్య లంక మీద పసుపు రంగు బురుజు ఒకటి వస్తుంది. కరువు కాలంలో ధాన్యం దాచుకుని పేదలను చంపించిన ఆర్చిబిషప్పును ఎలుకలు వెంటాడి తిన్నది అందులోనే అని అక్కడివారు చెప్పుకునే కథ, దాని పేరే ఎలుకల బురుజు. గంటలోపు బాఖరాఖ్‌లో దిగి, 1368 నాటి కొయ్య చట్రపు ఇంటిని, పైకప్పు లేకుండా నిలిచిన వెర్నర్ ప్రార్థనాలయపు రాతి కిటికీలను చూసుకుని రేవుకు రండి. రూడెస్‌హైమ్‌లో ఆగుదామని పిల్లలు అడుగుతారు. అక్కడి ద్రోసెల్‌గాస్సె సందు పొడవు 144 మీటర్లే అయినా, జనంలో దాన్ని దాటడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటను నేను బాఖరాఖ్‌కే ఇస్తాను.

రెండవ అంకం పడవ. బాఖరాఖ్ నుంచి సాంక్ట్ గోవార్ వరకు, అదీ ప్రవాహం వెంట దిగువకు మాత్రమే ఎక్కాలి. కోబ్లెన్జ్‌లో ఎక్కి రూడెస్‌హైమ్ దాకా ఎదురీదుతూ వెళ్లే పూర్తి ప్రయాణాన్ని గొప్పగా చెప్పేవారు ఉన్నారు. ఆ పడవకే పగలంతా పోతుంది, మూడో గంటకల్లా పెద్దవారు కునికిపాట్లు పడతారు, ఒక్క కోటలోనూ కాలు పెట్టడం కుదరదు. పైగా లోయలో చూడదగినవన్నీ ఒకచోట దగ్గరగా ఉన్నది ఈ పదమూడు కిలోమీటర్లలోనే. గట్టు మీద ప్రతి కిలోమీటరుకూ ఒక తెల్ల పలక మీద పెద్ద నల్ల అంకె ఉంటుంది. ఎగువన ఎక్కడో ఉన్న కాన్‌స్టాన్జ్ పట్టణపు వంతెన దగ్గర సున్నాతో మొదలయ్యే లెక్క అది. 546 వచ్చేసరికి నది నడుమ ఓడ ఆకారంలో, మొన ఎగువకు పెట్టి నిలబడిన ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్ సుంకపు కోట ఎదురవుతుంది. 14వ శతాబ్దిలో కట్టిన ఈ కోట పని ఒక్కటే, వచ్చిపోయే పడవల దగ్గర సుంకం వసూలు చేయడం. 1813 చివరి రాత్రి నెపోలియన్ సేనలను తరుముతూ ప్రష్యా సేనాని బ్లూషర్ నాయకత్వంలోని సైన్యం నదిని దాటడం మొదలుపెట్టింది కూడా ఈ కోట ఎదుట కుడి గట్టున ఉన్న కౌబ్ అనే ఊరి దగ్గరే. 554 పలక దగ్గర నది మెలిక తిరిగే చోట 132 మీటర్ల ఎత్తైన లోరెలై బండ కుడి గట్టున కనిపిస్తుంది. జుట్టు దువ్వుకుంటూ పాడి పడవవాళ్లను మరపించిన సుందరి కథ 19వ శతాబ్ది కవులు అల్లినదే అయినా, ఆ మలుపులో సుడులు, నీటి అడుగున బండలు ఉన్న మాట మాత్రం నిజం. ఫోటో కోసం పైఅంతస్తులో ముందు భాగంలో నిలబడాలి, అద్దాల గదిలో కాదు.

ఇక మూడవ అంకం, మార్క్స్‌బుర్గ్ కోట ఉన్న కుడి గట్టుకు నది దాటడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే కాబట్టి దీన్ని నిదానంగా చదవమని కోరుతున్నాను.

మైన్జ్ నుంచి కోబ్లెన్జ్ వరకు రైన్ మీద ఒక్క రోడ్డు వంతెన కూడా లేదు. ఈ లోయలో ఒకటి కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతూనే ఉంది. అందువల్ల దాటాలంటే పంటే దిక్కు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరిలో తిరిగే పంటును చూసినవారికి దీని గురించి వేరే చెప్పనక్కరలేదు; కార్లు, సైకిళ్లు, మనుషులు అందరూ ఒకే పలక మీద ఎక్కుతారు. చీకటి పడ్డాక అది ఎంతవరకు తిరుగుతుందన్నది కాలాన్ని బట్టి మారుతుంది. రేవు దగ్గర అంటించిన వేళల పట్టికను దిగీదిగగానే ఫోన్‌లో ఫోటో తీసుకోవడం నా నియమం, మీరూ పాటించాలి.

గట్ల పేర్లు మరో తికమక. ఎడమ గట్టు, కుడి గట్టు అన్నవి నది పారే దిక్కుకు ముఖం పెట్టి చెప్పేవి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ, కుడి కాలువ అన్న పేర్లు వచ్చిందీ ఈ లెక్క ప్రకారమే. దిగువకు వెళ్లే పడవలో ఎడమ గట్టు మీ ఎడమ చేతి వైపే ఉంటుంది కాబట్టి చిక్కు లేదు. అదే ఎగువకు వెళ్తుంటే ఎడమ గట్టు మీ కుడి చేతికి వస్తుంది, వెంట తెచ్చుకున్న పటం తలకిందులవుతుంది. దిగువకే వెళ్లమని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

అన్నిటికంటే ప్రమాదకరమైనవి ఊళ్ల పేర్లు. సాంక్ట్ గోవార్ ఎడమ గట్టున ఉంది. సాంక్ట్ గోవార్స్‌హౌజెన్ సరిగ్గా దాని ఎదురుగా కుడి గట్టున ఉంది. రెండు గట్ల మీదా వేరువేరు రైలు మార్గాలు ఉన్నాయి, ఒక మార్గంలోని రైలు రెండవ ఊరిలో ఆగదు. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం పేరులో మొదటి సగం చూసి టికెట్టు కొనుక్కుని, రాత్రి పది దాటాక సాంక్ట్ గోవార్స్‌హౌజెన్‌లో దిగింది. వారు గది తీసుకున్న హోటల్ ఎదుటి గట్టున దీపాలతో స్పష్టంగా కనిపిస్తోంది, పంటు మాత్రం ఆగిపోయింది. బామ్మగారిని, రెండు పెట్టెలను పెట్టుకుని వారు స్టేషన్ బల్ల మీద కూర్చుని నాకు ఫోన్ చేశారు. టాక్సీలో వెళ్లాలన్నా కోబ్లెన్జ్ దాకా పోయి అవతలి గట్టు వెంట వెనక్కి రావలసిందే. అందుకే గది తీసుకునేటప్పుడూ, టికెట్టు కొనేటప్పుడూ పేరు చివరి అక్షరం దాకా చదవండి.

ఇంకొక జాగ్రత్త నీటిమట్టం. వరద వస్తే పడవలు ఆపేస్తారు, నీరు తగ్గినా రేవులకు చేరడం కష్టమవుతుంది. కౌబ్ దగ్గరి కొలబద్ద మీద 2018 అక్టోబరులో మట్టం 25 సెంటీమీటర్లకు పడిపోయింది. సరుకు ఓడలు సగం కూడా నింపుకోలేని రోజులవి. బయలుదేరే ముందురోజు పడవ వేళలు చూసుకుంటే చాలు, దీనికి భయపడి ప్రయాణం మానుకోనక్కరలేదు.

సాంక్ట్ గోవార్‌లో పడవ దింపే రేవు వేరు, పంటు ఎక్కే రేవు వేరు. దిగినవారు అక్కడే నిలబడి ఎదురుచూస్తుంటారు. కొద్ది దూరం గట్టు వెంట నడవండి. అవతల దిగాక స్టేషన్‌కు నడిచి, కోబ్లెన్జ్ వైపు వెళ్లే కుడి గట్టు రైలు ఎక్కి బ్రౌబాఖ్‌లో దిగాలి.

ఆ ఊరి పైన ఉన్న మార్క్స్‌బుర్గ్ కోసమే ఈ తిరుగుడంతా. మధ్య రైన్ కొండకోటల్లో ఎన్నడూ ధ్వంసం కానిది ఇదొక్కటే. సాంక్ట్ గోవార్ పైనున్న రైన్‌ఫెల్స్ కోటను 1797లో ఫ్రెంచ్ సేనలు పేల్చివేశాయి. ఫోటోల్లో నిగనిగలాడే స్టోల్జెన్‌ఫెల్స్, రైన్‌స్టైన్ వంటివి 19వ శతాబ్దిలో ప్రష్యా రాజకుటుంబీకులు శిథిలాల మీద తమ అభిరుచి కొద్దీ కట్టించుకున్నవి. చూడటానికి బాగుంటాయి, నేను మాత్రం ఒకేరోజు ఉన్నవారిని అటు పంపను. మార్క్స్‌బుర్గ్ లోపల గుర్రాలు పైకి నడిచి రావడానికి బండను తొలిచిన మెట్లు ఉన్నాయి. అవి ఎత్తుపల్లాలుగా, వాన పడితే జారుడుగా ఉంటాయి, పట్టు ఉన్న బూట్లన్నది ఇందుకే. గైడుతోనే లోపలికి వెళ్లనిస్తారు, ఇంగ్లీషులో చెప్పే వేళలు తక్కువ కాబట్టి ముందే చూసుకోండి. మోకాళ్ల నొప్పులున్నవారిని ఊరి వీధిలోనే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించండి, కొండదారి నిటారుగా ఉంటుంది.

పొద్దు ఉంటే కోబ్లెన్జ్‌లో మొసెల్ నది రైన్‌లో కలిసే మూలకు వెళ్లి, 2011 ఉద్యాన ప్రదర్శన కోసం వేసిన రోప్‌వేలో ఏరెన్‌బ్రైట్‌స్టైన్ దుర్గానికి ఎక్కవచ్చు. ఆలస్యమైతే దాన్ని వదిలేసి స్టేషన్‌కే వెళ్లండి. మైన్జ్‌కు తిరిగి వచ్చే రైలును ఎడమ గట్టు మార్గంలోదే ఎంచుకుని, ఈసారి ఎడమ చేతి కిటికీ దగ్గర కూర్చోండి.