కుక్కర్‌లోనే పైన ఒక చిన్న గిన్నె

మా ఆయనకి అల్సరేటివ్ కొలైటిస్, అంటే పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు. అది తిరగబెట్టిన రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఒక వంట, ఆయనకి మెత్తగా ఇంకో వంట. పొద్దున్నే రెండు పొయ్యిలూ చాలేవి కావు. ఇప్పుడు ఆయన జావ కూడా మా అన్నంతో పాటే ఒకే కుక్కర్‌లో అయిపోతోంది.

పావు గ్లాసు బియ్యం, రెండు స్పూన్ల పొట్టు లేని పెసరపప్పు అరగంట నానబెట్టి, ఒకటిన్నర గ్లాసు నీళ్లు పోసి, మన అన్నం గిన్నె మీద పెట్టేయడమే. గిన్నె సగానికి మించి నిండకూడదు, పొంగి కింద అన్నంలో పడుతుంది. చెక్కూ గింజలూ తీసిన సొరకాయ ముక్కలు నాలుగు అందులోనే. నాలుగు విజిళ్లు వచ్చి ఆవిరి పోయాక గరిటెతో మెదిపి ఉప్పు, అర స్పూను నెయ్యి. వేళ్ల మధ్య నలిపితే పలుకు తగలకూడదు. పోపు పెట్టను, ఎండుమిర్చి ఆయనకి పడదు. పాలూ పడవు, పెరుగు మాత్రం పడుతుంది. ఇవి మనిషి మనిషికీ మారతాయి కాబట్టి ఏది పడలేదో ఆ రోజే క్యాలెండర్ గడిలో రాసుకోండి.

ఇది పేగు పుండుకి మందు కాదు, మాత్రలు మానకూడదు. రక్తం ఎక్కువ పడినా, జ్వరం వచ్చినా, విరేచనాలు రోజుకి 6 గానీ అంతకు మించి గానీ అయినా జావతో సరిపెట్టకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.