వేర్వేరు బరువుల బాక్సర్లను పోల్చడం – 3వ పాఠం: పై విభాగానికి వెళ్లి గెలిచినవాడి విలువ

రెండో పాఠంలో ఒకే విభాగానికి చెందిన, వేర్వేరు తరాల ఛాంపియన్లను పక్కపక్కన పెట్టి చూశాం. ఈసారి పని ఇంకాస్త కష్టం. తన బరువు దాటి పై విభాగానికి వెళ్లి గెలిచిన బాక్సర్‌కి ఎంత విలువ కట్టాలి? చాలామంది ఛాంపియన్‌కి దక్కే బెల్టులు, అంటే టైటిళ్లు, లెక్కపెట్టి ఊరుకుంటారు. ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావ్ గెలిచినవి ఎనిమిది విభాగాలు, 1930ల నాటి అమెరికన్ హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌వి మూడే కాబట్టి పకియావే గొప్ప అని తేల్చేస్తారు. ఆ లెక్క ఇద్దరికీ అన్యాయమే చేస్తుంది.

ముందు ఒక కాగితం మీద పాత విభాగాల బరువు హద్దులు పౌండ్లలో రాసుకోండి. ఫ్లై 112, బాంటమ్ 118, ఫెదర్ 126, లైట్ 135, వెల్టర్ 147, మిడిల్ 160, లైట్ హెవీ 175, ఆపైన హెవీ. ఆర్మ్‌స్ట్రాంగ్ రోజుల్లో ప్రధానంగా లెక్కలోకి వచ్చినవి ఈ ఎనిమిదే. తర్వాత వీటి మధ్య మధ్య కొత్త విభాగాలు చేరాయి. ఒక్కో విభాగంలో బెల్టులిచ్చే పెద్ద సంస్థలూ నాలుగయ్యాయి.

ఇప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్‌ని చూడండి. 1937 అక్టోబరులో పీటీ సారన్‌పై ఫెదర్, 1938 మేలో బార్నీ రాస్‌పై వెల్టర్, అదే ఏడాది ఆగస్టులో లూ ఆంబర్స్‌పై లైట్ టైటిల్ గెలిచాడు. పది నెలల్లో మూడు, అవీ మూడూ ఒకేసారి చేతిలో ఉన్నాయి. 126 నుంచి 147 దాకా ఇవాళ ఎన్ని విభాగాలో లెక్కపెట్టండి: 126, 130, 135, 140, 147. అంటే ఆయన మూడు టైటిళ్లు పరిచిన దూరం ఈనాటి ఐదు విభాగాలంత. అందుకే విభాగాల సంఖ్య పక్కన పెట్టి, ఎన్ని పౌండ్ల దూరం వెళ్లాడో రాసుకోవడం అలవాటు చేసుకోండి.

ఆ పౌండ్లను కూడా శాతంలోకి మార్చాలి. 112 పౌండ్ల మనిషికి ఆరు పౌండ్ల తేడా అంటే 5.4 శాతం. 175 పౌండ్ల మనిషికి అదే ఆరు పౌండ్లు 3.4 శాతమే. చిన్న బరువుల వాళ్లు ఎక్కిన మెట్టు మనకు చిన్నదిగా కనబడడానికి కారణం ఈ లెక్క వేయకపోవడమే. ఫ్లైవెయిట్లకు అభిమానుల దగ్గర దక్కాల్సినంత పేరు దక్కదని నా గట్టి నమ్మకం.

తర్వాతి ప్రశ్న: ఆ బరువు ఎప్పుడు తూచింది? పకియావ్ ఎనిమిదో విభాగపు టైటిల్ కోసం 2010 నవంబరులో ఆంటోనియో మార్గరిటోతో తలపడ్డాడు. ఆ విభాగం హద్దు 154 అయినా, ఈ పోరుకు 150 దాటకూడదని ముందే ఒప్పందం. ముందురోజు కాటా మీద పకియావ్ 144.6, మార్గరిటో 150. తేడా నాలుగు శాతం కూడా లేదు. కానీ మార్గరిటో నీళ్లూ తిండీ పట్టించి రింగులోకి వచ్చేసరికి 165కి చేరాడు, పకియావ్ 148 దగ్గరే ఉన్నాడు. తేడా పదకొండు శాతం దాటింది! ఒప్పందపు బరువు చూసి ఈ గెలుపును తగ్గించేవాళ్లు ఈ రెండో తూకం చూడరు. మరోవైపు, 1998లో ఫ్లైవెయిట్ టైటిల్ గెలిచేనాటికి పకియావ్‌కి పంతొమ్మిదేళ్లు. ఆ తర్వాత 122 పౌండ్ల విభాగానికి చేరడంలో ఒళ్లు ఎదగడం పాత్ర ఎంతో ఉంది. కాబట్టి 112 నుంచి 154 దాకా మొత్తం దూరాన్నీ ఒకే విలువతో లెక్కేయకండి. ఎదిగిన మనిషిగా ఎక్కిన భాగానికే ఎక్కువ మార్కులు వేయండి.

ఇక అందరూ వదిలేసేది, ఓటమి. షుగర్ రే రాబిన్సన్ వెల్టర్, మిడిల్ టైటిళ్లు గెలిచాక 1952 జూన్ 25న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో లైట్ హెవీ ఛాంపియన్ జోయీ మాక్సిమ్ మీదికి వెళ్లాడు. రాబిన్సన్ 157.5, మాక్సిమ్ 173. తేడా దాదాపు పది శాతం. రింగు దగ్గర వేడి 40 డిగ్రీలు. పదో రౌండు తర్వాత రిఫరీ రూబీ గోల్డ్‌స్టీనే తట్టుకోలేక తప్పుకుంటే ఇంకొకరు వచ్చారు. పదమూడు రౌండ్లు ముగిసేసరికి మూడు స్కోరు కార్డుల్లోనూ రాబిన్సనే ముందున్నాడు. పద్నాలుగో రౌండుకు మాత్రం స్టూలు మీంచి లేవలేకపోయాడు. ఆయన కెరీర్ మొత్తంలో పోరు పూర్తి చేయలేక ఓడింది ఈ ఒక్కసారే. రికార్డు పుస్తకంలో ఇది ఓటమి. మన పట్టికలో మాత్రం పది శాతం పెద్దవాడి మీద పదమూడు రౌండ్లు పైచేయి అని రాయాలి. అయితే దానికి గెలుపంత విలువ ఇవ్వకూడదు. బరువైన మనిషి ఎదుటివాడి మీద వాలుతూ, పట్టుకుంటూ ఉంటే తేలికైనవాడి సత్తువే ముందు హరించుకుపోతుంది. పై విభాగానికి వెళ్లడంలో ఉన్న అసలు కష్టం అదే, రాబిన్సన్ దాన్ని దాటలేకపోయాడు. నా పట్టికలో ఈ పోరుకు సగం మార్కులు.

ఈ పద్ధతి హెవీవెయిట్లకు పనికిరాదు, వాళ్లకు పైన ఎక్కడానికి ఇంకో విభాగమే లేదు. టైటిల్‌ని 25 సార్లు నిలబెట్టుకున్న జో లూయిస్‌నీ, 105 పౌండ్ల విభాగంలో ఏళ్ల తరబడి ఏలిన రికార్డో లోపెజ్‌నీ ఎలా కొలవాలో నాలుగో పాఠంలో చూద్దాం.

ఈలోగా రెండు పోరులకు లెక్క వేయండి. 2003 మార్చిలో కింది విభాగం నుంచి వచ్చిన రాయ్ జోన్స్ జూనియర్ 193 పౌండ్లతో, 226 పౌండ్ల జాన్ రూయిజ్‌ని పాయింట్ల మీద ఓడించి హెవీ టైటిల్ గెలిచాడు. 1980 జూన్‌లో, ఏళ్లపాటు లైట్‌వెయిట్‌ని ఏలిన రాబర్టో డురాన్, అప్పటిదాకా ఓటమి ఎరుగని షుగర్ రే లెనార్డ్‌ని మాంట్రియల్‌లో ఓడించి వెల్టర్ టైటిల్ గెలిచాడు. కాటా మీద ఆ ఇద్దరూ ఇంచుమించు సమానం. మొదటిదానిలో శాతం పెద్దది, రెండోదానిలో ఎదుటివాడు మేటి బాక్సర్. దేనికి ఎన్ని మార్కులు వేశారో, ఎందుకో రెండేసి వాక్యాల్లో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.