భార్యాభర్తలు కలిసి ప్రార్థన చేసుకోవడం ఎలా?

పెళ్లిలో పాస్టర్ గారు బైబిల్లో భార్యాభర్తల గురించి చెప్పే ఎఫెసీయుల పత్రిక 5వ అధ్యాయం చదువుతారు, అందరూ ఆమేన్ అంటారు. ఆ తర్వాత ఆ జంట ఇంట్లో ప్రార్థన ఉందా లేదా అని అడిగేవాళ్లుండరు. మా ఇంట్లో 22 ఏళ్లుగా ఇద్దరం కలిసి చేసుకుంటున్నాం. సంఘంలో కొత్త జంటలు ఉత్సాహంగా మొదలుపెట్టి, నెల తిరక్కుండా మానేయడం చూసి చూసి విసుగొచ్చింది. అందరికీ బెడిసికొట్టేది ఒక్కచోటే. దాన్ని నెమ్మదిగా చెబుతాను, మిగతావి చకచకా.

1. కావలసినవి

ఒక బైబిలు. అచ్చు పుస్తకమే, ఫోన్‌లో ఉన్నది కాదు. వాక్యం తీసిన చేత్తోనే మెసేజ్ కూడా చూస్తారు, కాదని నాతో వాదించొద్దు. రెండు కుర్చీలు లేదా ఒక చాప. పది నిమిషాలు.

2. వేళ

రాత్రి భోజనానికి ముందు. పడుకోబోయే ముందు పెట్టుకుంటే ఒకరు ప్రార్థిస్తుంటారు, ఇంకొకరు జోగుతుంటారు. తెల్లవారుజామునే చేయాలని పట్టుబట్టేవాళ్లు మార్కు 1:35 చూపిస్తారు. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించిన మాట నిజమే. కానీ ఆయన వెళ్లింది ఒంటరిగా, అరణ్య ప్రదేశానికి. అది ఏకాంత ప్రార్థనకు మాదిరి. ఒకరు వంటింట్లో, ఒకరు స్నానాలగదిలో హడావిడి పడే వేళ ఇద్దరి ప్రార్థన కుదరదు.

3. వాక్యం

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, రోజుకు సగం అధ్యాయం చదివినా దాదాపు నెలరోజుల్లో అయిపోతుంది. తర్వాత సామెతలు: 31 అధ్యాయాలు, తారీఖు ఎంతైతే ఆ అధ్యాయం. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండంతో మొదలుపెట్టినవాళ్లు, బలుల నియమాలతో నిండిన మూడో పుస్తకం లేవీయకాండం దగ్గర చతికిలబడతారు. ఒకరోజు ఒకరు, మర్నాడు ఇంకొకరు పైకి చదవాలి. వివరణ వద్దు. ప్రసంగం వినడానికి ఆదివారం ఉంది.

4. సమాధానపడటం

చెడగొట్టేది ఇక్కడే. కళ్లు మూసుకోకముందు ఒకరినొకరు అడగాలి: "ఇవాళ నావల్ల నీకేమైనా నొప్పి కలిగిందా?" అర్పణ తెచ్చినప్పుడు సహోదరునికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, దాన్ని బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు (మత్తయి 5:23-24). భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని పేతురు తన మొదటి పత్రికలో (3:7) మొహమాటం లేకుండా రాశాడు.

జనం చేసేదేమిటంటే, ఈ ప్రశ్న దాటేసి దాన్ని ప్రార్థనలోకి తోసేస్తారు. "ప్రభువా, నీ దాసురాలికి కోపం తగ్గించు తండ్రీ." "నీ దాసునికి డబ్బు విషయంలో జ్ఞానం దయచేయి ప్రభువా." ఈ మాటలు పైకి వెళ్లవు, పక్క కుర్చీకి వెళతాయి. అవతలివాళ్లు కళ్లు మూసుకుని ఉన్నారు, మధ్యలో జవాబు చెప్పే వీలు లేదు. దెప్పిపొడవడానికి ఇంతకంటే సురక్షితమైన చోటు లేదు కాబట్టే అందరికీ అలవాటవుతుంది.

పెళ్లయిన మొదటి ఏడాది ఒక రాత్రి నేనూ ఇదే చేశాను. ఆ రాత్రి మా ఆవిడ ఆమేన్ అనలేదు. "ఏమండీ, ఆ మాట దేవుడికి చెప్పారా, నాకు చెప్పారా?" అని లేచి వెళ్లి అన్నం వడ్డించింది. నాలుగు రోజులు మా ఇంట్లో ప్రార్థన లేదు. అప్పటినుంచి మాకొక నియమం: ప్రార్థనలో ఒకరి గురించి ఒకరు కృతజ్ఞతే చెప్పాలి, లేదా వాళ్లు నోరు తెరిచి అడిగిన అవసరమే చెప్పాలి. మూడోది లేదు.

క్షమాపణకూ పద్ధతుంది. "ఏదైనా తప్పుంటే క్షమించు" అనకూడదు. "నిన్న మీ అమ్మగారి గురించి అన్న మాట తప్పు" అని, చేసిన పని పేరుపెట్టి చెప్పాలి. ఆ వాక్యం అక్కడ ఆగాలి, "కానీ" అని సాగదీశారంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. అవతలివాళ్లు వెంటనే మెత్తబడకపోతే వచనం తీసి మీదకు విసరొద్దు. ఆ రోజుకు ఒక కీర్తన చదువుకుని లేవండి. భార్యలు భర్తలకు లోబడాలనే ఎఫెసీయులకు 5:22 అందుకునే మగవాళ్లకు నాదొకటే మాట: 21 నుంచి చదవండి, అక్కడ ఒకరికొకరు లోబడమని ఉంది. 25 దాకా వస్తే సంఘం కోసం క్రీస్తు తన్ను తాను అప్పగించుకున్న సంగతి కనబడుతుంది.

ఒక హెచ్చరిక. చెయ్యి చేసుకోవడం ఈ మెట్టు కిందికి రాదు. కొట్టి, రాత్రికి మోకాళ్లూని క్షమించమంటే సరిపోయిందనుకునే ఇళ్లున్నాయి. అక్కడ ముందు కావలసింది దెబ్బలు తిన్న మనిషికి భద్రత. నమ్మకమైనవాళ్లకు, అవసరమైతే పోలీసులకు చెప్పాలి. "ప్రార్థన చేసుకో, సర్దుకుంటుంది" అని పంపేసే పెద్దల మాట వినొద్దు.

5. ప్రార్థన

ఒక్కొక్కరు ఒక కృతజ్ఞత, ఒక మనవి. రెండు నిమిషాలు దాటొద్దు. చివర ప్రభువు ప్రార్థన, అంటే యేసు నేర్పిన "పరలోకమందున్న మా తండ్రీ", ఇద్దరూ కలిసి చెప్పండి. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" దగ్గర నాలిక తడబడితే నాలుగో మెట్టు సరిగా అవలేదన్నమాట.

6. మిగతా రోజంతా

అప్పు, ఉద్యోగం మార్పు, పిల్లల చదువు ఏదైనా సరే, నిర్ణయం కాకముందే ఆ కుర్చీల దగ్గరికి రావాలి. అడ్వాన్సు ఇచ్చి వచ్చాక దేవుని చిత్తం అడిగి ప్రయోజనం లేదు. ఉపవాసం కోసం దూరంగా ఉండాలన్నా ఒకరే తేల్చేయకూడదు. ఇద్దరి సమ్మతితో, కొంతకాలమే, తర్వాత మళ్లీ కలవాలని 1 కొరింథీయులకు 7:5లో ఉంది.

ఒకరోజు తప్పితే మర్నాడు రెండింతలు చేయక్కర్లేదు. చుట్టాలొస్తే వాళ్లకూ కుర్చీలు వేయండి. నాలుగో మెట్టు మాత్రం ముందే, వంటింట్లో, తలుపు దగ్గరేసుకుని ముగించుకు రండి.