అడవి పక్కన ఇల్లుంటే: కార్చిచ్చుకు ముందు, వెనక

మొదటిసారి ఇల్లు వదిలి పారిపోయిన రోజు నేను వెంట తీసుకెళ్ళింది టీవీ రిమోట్. చేతిలో ఉంది, అలాగే కారెక్కేశాను. మా అత్తయ్య ఇన్సులిన్ మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. నాలుగు రోజుల తర్వాత తిరిగొస్తే ఇల్లు నిలిచే ఉంది. గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే కొబ్బరిపీచు పట్టా మధ్యలో మాత్రం అరచేయంత నల్లటి చిల్లు. మంట మా వీధి దాకా రానే లేదు. గాల్లో ఎగిరొచ్చిన నిప్పురవ్వ ఒకటి దాని మీద పడి, కాసేపు రాజుకుని, మా అదృష్టం కొద్దీ ఆరిపోయింది.

కార్చిచ్చు అంటే మంటలు గోడలా లేచి వచ్చి ఇంటిని మింగేస్తాయని అప్పటిదాకా అనుకునేదాన్ని. చాలా ఇళ్ళు అలా కాలవు. అసలు మంట కిలోమీటరుకు పైగా దూరంలో ఉండగానే రవ్వలు వచ్చేస్తాయి. చూరు సందుల్లో, చూరు అంచున వాననీళ్ళు పోయే గట్టర్‌లో, మెట్ల కింద దూరి అక్కడున్న చెత్తను అంటిస్తాయి. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చింది ఇదే: ఇల్లు కాలుతుందా, నిలుస్తుందా అన్నది ఆ ఇల్లు, దాని చుట్టూ ఉన్న జాగా ఎలా ఉన్నాయన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

అందుకని పని గోడ దగ్గర మొదలుపెట్టండి. గోడ నుంచి మీటరున్నర దాకా కాలే వస్తువేదీ ఉండకూడదు. మొక్కలు, కట్టెలు, చీపుర్లు, అట్టపెట్టెలు అన్నీ తీసేసి అక్కడ కంకర పోసుకోండి. కట్టెల మోపు కనీసం పది మీటర్ల అవతల ఉండాలి. ఎండాకాలమంతా నేను పదిహేను రోజులకోసారి నిచ్చెన వేసి గట్టర్ శుభ్రం చేస్తాను. ప్రతిసారీ బకెట్టుడు ఎండుటాకులు వస్తాయి, ఎక్కడి నుంచి వస్తాయో ఆ దేవుడికే తెలియాలి. ఇక అటక గాలి రంధ్రాలు. మా ఇంట్లో వాటికున్న జాలిలో నా చిటికెనవేలు సులువుగా దూరింది. వేలు దూరితే రవ్వ దూరదా? 3 మిల్లీమీటర్ల కన్నులున్న ఇనుప జాలి వేయించాం. ప్లాస్టిక్ జాలి వద్దు, వేడికి కరిగిపోతుంది.

ఆ తర్వాత పది మీటర్ల దాకా గడ్డి పొట్టిగా కోయడం, చెట్ల కింది కొమ్మలు రెండు మీటర్ల ఎత్తు దాకా నరికేయడం, చెట్టు కింద పొద లేకుండా చూసుకోవడం. పొద అంటుకుంటే మంటకు అదే నిచ్చెన. మీ ఇల్లు మాలాగే కొండవాలు మీదుంటే ఇంకాస్త దూరం శుభ్రం చేయండి. మంట ఎగువకు పాకేటప్పుడు వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుంది.

బ్యాగు సంగతి. మా అలమర తలుపు లోపలివైపు రెండు చీటీలు అంటించి ఉంటాయి. ఒకటి ‘పది నిమిషాలు’, రెండోది ‘గంట’. మొదటి దాంట్లో మనుషులు, పిల్లి, మందులు, కళ్ళజోళ్ళు, కాగితాల సంచి, ఫోన్ ఛార్జర్లు, కాస్త నగదు. కరెంటు పోతే కార్డులు పనిచేయవు మరి. ఎన్95 మాస్కులు బ్యాగులోనే ఉంటాయి, గుడ్డ మాస్కు పొగలోని సన్నటి నుసిని ఆపదు. ఆల్బమ్‌లు, హార్డ్ డిస్కు రెండో చీటీలో. ఇన్సులిన్‌ను మాత్రం ఎర్ర పెన్నుతో రాశాను, రెండు చీటీల్లోనూ.

పిల్లికి వేరే ఉపాయం కావాలి. ఆ రోజు మంచం కింద దూరిన దాన్ని బయటికి లాగడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఇప్పుడు దాన్ని తీసుకెళ్ళే పెట్టె ఎప్పుడూ తలుపు తీసి హాల్లోనే ఉంటుంది, లోపల పాత తువ్వాలు. అది పడుకునేదే అందులో.

ఇంకో పని: ఫోన్‌తో ఇల్లంతా వీడియో తీసి పెట్టుకోండి. సొరుగులు కూడా తెరిచి తీయండి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఏమేం పోయాయని అడిగినప్పుడు మన గిన్నెలు మనకే గుర్తురావు.

ఇప్పుడు అసలు విషయం, బయల్దేరడం. మా ఇంట్లో ‘ఇంకాసేపు చూద్దాం’ అన్న మాట నిషిద్ధం. అత్తయ్య అయినా సరే. ఆ రోజు ఆ మాటకే మేం గంటన్నర పోగొట్టుకున్నాం. 2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలో పొద్దున్నే పుట్టిన మంట కొద్ది గంటల్లోనే ప్యారడైజ్ ఊరిని చుట్టేసింది. ఉన్న కొద్దిపాటి రోడ్ల మీద కార్లు ఇరుక్కుపోయాయి. 85 మంది చనిపోయారు. 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలో 173 మంది పోయారు, అందులో చాలామంది ఇళ్ళలోనే. పొగ కనిపించి, గాలి మనవైపు వీస్తుంటే ఊరు ఖాళీ చేయమనే ఆర్డర్ కోసం ఆగకండి. ఊరు దాటడానికి రెండు దారులు ముందే చూసి పెట్టుకోండి. కారు ఎప్పుడూ రోడ్డు వైపు ముఖం పెట్టి ఉండాలి, ట్యాంకు సగానికి తగ్గకూడదు. గ్యారేజీ తలుపు కరెంటుతో తెరుచుకునేదైతే చేత్తో ఎత్తడం ఇంట్లో అందరికీ రావాలి.

ఒంటి మీద నూలు లేదా ఉన్ని బట్టలు, నిండుగా. నైలాన్, పాలియెస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటాయి. వెళ్ళేముందు టైముంటే కిటికీలు, తలుపులు మూసి, గ్యాస్ వాల్వు కట్టేసి, సోఫాలు గది మధ్యకు జరపండి. లైట్లు వేసి ఉంచితే పొగలో ఇల్లు ఫైర్ సిబ్బందికి కనిపిస్తుంది. కుళాయిలు మాత్రం తిప్పి వదిలేయొద్దు, వాళ్ళకు నీళ్ళ ప్రెజర్ తగ్గిపోతుంది.

దారిలో హెడ్‌లైట్లు వేసి, అద్దాలు ఎత్తి, ఏసీ బయటి గాలి తీసుకోకుండా పెట్టండి. మంటల మధ్య చిక్కుకుంటే కారు దిగి పరుగెత్తకండి. చెట్లు లేని ఖాళీ నేల చూసి ఆపి, ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేసి, కిటికీ కన్నా కిందికి పడుకుని, ఉన్ని దుప్పటి కప్పుకోండి.

తిరిగి రావడం అధికారులు రమ్మన్నాకే. మంట ఆరినా నేల లోపల వేర్లు కాలుతూనే ఉంటాయి. పైకి మామూలు బూడిదలా కనిపించే చోట మా ఆయన కాలు వేస్తే మోకాలి దాకా దిగబడింది. బూటు అడుగు కరిగింది కానీ కాలికేం కాలేదు. అప్పటి నుంచి కర్రతో పొడిచి చూసే అడుగేస్తాం. తెగిన కరెంటు తీగల దరిదాపులకు వెళ్ళొద్దు.

ఏదైనా ఊడ్చే ముందు ఫోటోలు తీయండి. బూడిద పొడిగా ఊడిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకని నీళ్ళు చిలకరించి, మాస్కూ గ్లవ్స్‌తో ఎత్తాలి. మామూలు వాక్యూమ్ వాడితే ఆ నుసి మళ్ళీ గదిలోకే వస్తుంది. ఫ్రిజ్‌కు నాలుగు గంటలకు మించి కరెంటు లేకపోతే అందులో పాడయ్యే తిండి పారేయాల్సిందే. వేడి తగిలిన మందులు కూడా. మేం వదిలి వెళ్ళిన ఇన్సులిన్ గతి కూడా అంతే అయింది.

కుళాయి నీళ్ళు తాగొచ్చని చెప్పేదాకా తాగొద్దు. ప్యారడైజ్‌లో మంటల తర్వాత నీటి పైపుల్లో బెంజీన్ అనే విష రసాయనం తేలింది. అది మరిగిస్తే పోదు సరికదా, ఆవిరితో పాటు పీలుస్తాం.

కాలిన కొండ మీద నేల నీటిని పీల్చుకోదు. వాన పడితే బురద, రాళ్ళు, మొద్దులు కలిసి కిందికి దిగుతాయి. 2017 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోనే థామస్ ఫైర్ అనే కార్చిచ్చు చెలరేగిన కొండల నుంచి 2018 జనవరి 9న మాంటెసీటో ఊరి మీదికి అలాగే బురద దిగింది. 23 మందిని బలి తీసుకుంది. ఈ ప్రమాదం కొన్నేళ్ళ పాటు ఉంటుంది. అందుకే గట్టి వాన హెచ్చరిక వస్తే మా బ్యాగు మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చేస్తుంది, పిల్లి పెట్టెతో సహా.