మూడు సిలిండర్లా, నాలుగా? ఫ్యామిలీ కారు ఇంజిన్ ఎలా సెలెక్ట్ చేసుకోవాలి

ముందు ఈజీ పనులు. ఇంట్లో ఎంతమంది ఎక్కుతారు, ఎన్నాళ్లకోసారి సిటీ దాటుతారు, బడ్జెట్ ఎంత, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి, అయిపోయింది. సిలిండర్ అంటే ఇంజిన్లో పెట్రోల్ మండే గది, అందులో ఆరు సిలిండర్ల ఊసే వద్దు, అది ల్యాండ్ క్రూజర్ కొనేవాళ్ల గొడవ. మన బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ అయితే ట్యాక్స్ తక్కువ (2025 సెప్టెంబర్ నుంచి 18 శాతం జీఎస్టీ), అందుకే చిన్న ఇంజిన్ల హవా. 2024లో స్విఫ్ట్ కూడా నాలుగు నుంచి మూడుకి దిగింది.

తర్వాత స్పెసిఫికేషన్లు. మూడంటే పవర్ తక్కువ అని ప్రతి ఇంట్లో ఒక బావగారు చెప్తారు, వినకండి. హ్యుందాయ్ వెన్యూలో నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ ఇంజిన్‌కి పవర్ 83 పీఎస్, మూడు సిలిండర్ల 1.0 టర్బోకి (ఇంజిన్లోకి గాలిని ఒత్తిడితో ఎక్కువగా తోసే పరికరం ఉన్నదానికి) 120. చూడాల్సింది టర్బో ఉందా లేదా అని. టర్బో లేని 1.0, మూడు సిలిండర్లు, 96 ఎన్ఎం టార్క్‌తో (అంటే లాగే బలంతో) ట్రైబర్ ఏడుగురిని మోయాలి, ఎర్టిగాలో అదే పనికి నాలుగు సిలిండర్ల 1.5 ఉంది. ఏడుగురూ లగేజీతో సంక్రాంతికి ఊరెళ్లే ఇల్లయితే ఇంక ఆలోచించక్కర్లేదు, ఎర్టిగానే.

ఇప్పుడు అసలు పని, టెస్ట్ డ్రైవ్. అందరూ పాడుచేసేది ఇక్కడే. సేల్స్ అబ్బాయి బండి ముందే స్టార్ట్ చేసి ఉంచుతాడు, పాటలు పెడతాడు, ఖాళీ రోడ్డు మీద ఒక రౌండ్ తిప్పి తెచ్చేస్తాడు, మనం సూపర్ అనేస్తాం. కొందరైతే ఔటర్ రింగ్ రోడ్ ఎక్కించి చూశాం అంటారు, 80 స్పీడ్‌లో ఏ ఇంజిన్ అయినా స్మూత్‌గానే ఉంటుంది కదా, అందులో తెలిసేదేముంది? తేడా అంతా తక్కువ ఆర్పీఎంలోనే, అంటే ఇంజిన్ నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడే. ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కో సిలిండర్ ఒక్కసారి ఫైర్ అవుతుంది, 800 ఆర్పీఎం దగ్గర నాలుగింటికి సెకనుకి దాదాపు 27 సార్లు, మూడింటికి 20 సార్లే. వణుకుకి ఆ ఎడం ఒక కారణం.

అందుకని పొద్దున షోరూం తెరవగానే వెళ్లండి, స్టార్ట్ చేసేముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు వస్తాం అని చెప్పి వచ్చేయండి. మొహమాటపడొద్దు, డబ్బులు మీవి. చల్లగా ఉంటే పాటలు ఆపించండి, ఏసీ ఫుల్ పెట్టండి, ఆటో స్టార్ట్ స్టాప్ ఉంటే ఆఫ్ చేయండి. ఇప్పుడు కదలకుండా, ఏసీ కంప్రెసర్ ఆన్ అయ్యేటప్పుడు స్టీరింగ్, సీటు, గేర్ రాడ్ ఎలా ఉన్నాయో గమనించండి. ఆటోమేటిక్ అయితే డీలో పెట్టి బ్రేక్ నొక్కి లోపలి మిర్రర్లో చూడండి, వెనక బండి నంబర్ ప్లేట్ అక్షరాలు అదురుతుంటే రోజూ అమీర్‌పేట సిగ్నల్లో మీకు కనిపించబోయేది అదే.

ఆ తర్వాత ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించండి, అమ్మానాన్నలతో సహా. ఖాళీ బండి టెస్ట్ డ్రైవ్ లెక్కలోకి రాదు. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12 లాంటి ఎత్తు పట్టుకోండి, స్పీడ్ బ్రేకర్ దాటాక సెకండ్ గేర్లోనే ఉంచి, ఫస్ట్‌కి దింపకుండా మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి. మూలుగుతూ కుదుపులు ఇస్తే ఆ ఇంజిన్ మీ ఇంటికి చాలదు. టర్బో అయితే ఒక్క క్షణం పడుకుని తర్వాత లాగుతుంది, ఆ క్షణం మీకు చిరాకా కాదా అన్నది మీరే తేల్చుకోవాలి, నాకైతే చిరాకే, అందుకే సిటీ డ్రైవింగ్‌కి నేను టర్బో లేని నాలుగు సిలిండర్లే చెప్తాను.

మైలేజ్ అంటారా, మూడింట్లో రాపిడి తక్కువ కాబట్టి కాస్త ఎక్కువ రావాలి, కానీ టర్బోని తొక్కి నడిపితే ఆ మిగులంతా పెట్రోల్ బంకుకే.

బుకింగ్ ఫామ్ మీద వేరియంట్ పేరు ఒక్కటే రాస్తే సంతకం పెట్టకండి. వెన్యూ, వ్యాగన్ఆర్ లాంటి వాటిలో మూడూ ఉంది నాలుగూ ఉంది, 1.0 ఆ 1.2 ఆ అన్నది మీ కళ్లముందే రాయించండి.