చిగుళ్ల నుంచి రక్తం వస్తే బ్రష్ ఆపకండి

ఉమ్మిలో ఎర్రటి చార కనిపించగానే భయపడి, నేను ఆ పక్క తోమడమే మానేశాను. అదే పొరపాటు. చిగురు అంచున పేరుకున్న పాచి వల్ల వాపు, వాపు వల్ల రక్తం. తోమకపోతే పాచి ఇంకా పెరుగుతుంది.

మెత్తటి బ్రష్ తీసుకోండి. పన్నూ చిగురూ కలిసే గీత మీద దాన్ని 45 డిగ్రీలు వాల్చి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు కదపండి. పిడికిలితో కాకుండా పెన్సిల్‌లా వేళ్లతో పట్టుకుంటే ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. నాకు బాగా పనిచేసిన కిటుకు ఇది. రోజుకు 2 సార్లు, 2 నిమిషాల చొప్పున. రాత్రి తోమడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానకండి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పళ్లకు ఆ కాపలా ఉండదు. ఫ్లోరైడ్ పేస్టు నురగ ఉమ్మేస్తే చాలు, వెంటనే నీళ్లతో పుక్కిలించకండి. సందుల్లోకి బ్రష్ చేరదు కాబట్టి అక్కడ ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నటి దారం) వాడాలి.

పాచి గట్టిపడి గారగా మారితే ఇంట్లో పోదు, డెంటిస్టు తీయాల్సిందే. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే తప్పక చూపించుకోండి. తీవ్రమైన పంటి నొప్పి ఉన్నట్టుండి మాయమైనా సరే వెళ్లండి: లోపలి నరం చచ్చిపోయి, ఇన్ఫెక్షన్ వేరు కిందికి పాకుతూ ఉండవచ్చు.