పసుపు తవ్వే రోజుల్లో పాడేరు కొండ ఊరికి వెళ్ళేవారికి

దుగ్గిరాల యార్డులో పసుపు రాసుల మధ్య తిరుగుతూ పెరిగిన మా ప్రాంతం వారికి, అదే పంటను ట్రాక్టరు ఎక్కలేని కొండవాలులో గునపంతో తవ్వుతారంటే ఒకసారి వెళ్ళి చూడాలనిపించడం సహజమే. 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తారు రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా గంటో రెండు గంటలో నడవవలసిన ఊళ్ళు నేటికీ ఉన్నాయి. అలాంటి ఊళ్ళో వారం పది రోజులు ఉండి రావాలనుకునే గుంటూరు, విజయవాడ వారి కోసం, మూడు శీతకాలాలు వెళ్ళివచ్చిన అనుభవంతో ఇది రాస్తున్నాను. ముందుగా ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. రోడ్డు దాటాక ఊరికి చేరే ఉప్పు పొట్లం దగ్గర నుంచి ఇనుప రేకు దాకా ప్రతి వస్తువూ ఎవరో ఒకరి నెత్తిమీదనో, కావడిమీదనో ఎక్కుతుంది. మనం తీసుకెళ్ళేదీ, అక్కడ వాడుకునేదీ అంతే.

వెళ్ళడానికి జనవరి నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన కాలం. వానాకాలంలో గెడ్డలు, అంటే కొండవాగులు, పొంగి దారులు తెగిపోతాయి కాబట్టి కొత్తవారు ఆ నెలల్లో వెళ్ళకపోవడమే మంచిది. నవంబరు, డిసెంబరుల్లో వలిసె అనే నూనెగింజ పంట పూలు చూడవచ్చును గానీ, అప్పటికి పసుపు తవ్వకం మొదలు కాదు. ఏ నెలలో వెళ్ళినా బయలుదేరే రోజును మాత్రం సంత రోజును బట్టి నిర్ణయించుకోండి. కొండ ఊళ్ళ వారానికి సంతే కేంద్రం. ఆ రోజు జీపులు తిరుగుతాయి, ఊరి వాళ్ళు కిందికి దిగుతారు, తిరుగు దారిలో మీకు తోడు దొరుకుతుంది. మిగతా రోజుల్లో దిగితే రోడ్డు చివర జీపు కోసం సాయంత్రం దాకా ఎదురుచూడవలసి రావచ్చు.

గుంటూరు వారు సింహాద్రి రైల్లో గానీ, విజయవాడ వారు ఉదయం రత్నాచల్ రైల్లో గానీ ఎక్కి అనకాపల్లిలో దిగవచ్చు. అక్కడి నుంచి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ రోడ్డు పాడేరు చేరుతుంది. మాడుగులలో హల్వా కొనకుండా ముందుకు సాగడం కష్టమే. కొనండి, మీరు దిగబోయే ఇంటి పిల్లలకు పనికొస్తుంది. ఆ రాత్రి పాడేరులో ఉండి, మర్నాడు సంతకు చేరుకోవడం మేలు.

సామాను విషయంలో నేను మొదటిసారి చేసిన పొరపాటు చెప్పాలి. చక్రాల సూట్‌కేసు తీసుకెళ్ళాను. రాళ్ళ దారిలో ఆ చక్రాలు పది గజాలు కూడా దొర్లలేదు. తన సంత సామాను అప్పటికే మోస్తున్న ఒక పెద్దావిడ, నా అవస్థ చూసి ఏమీ అనకుండా దాన్ని కూడా నెత్తిన పెట్టుకుని, నాకంటే ముందు కొండెక్కింది. ఆ సూట్‌కేసులో ఇస్త్రీ చొక్కాలు ఆరు, ఆవకాయ సీసా ఒకటి ఉన్నాయి. ఇప్పుడు భుజాన తగిలించుకునే సంచి ఒకటే తీసుకెళతాను. రెండు జతల బట్టలు, మందపాటి దుప్పటి, స్వెటరు, దోమతెర, టార్చి, పట్టు ఉన్న చెప్పులు, చిన్న నోట్లు, మీ మందులు ఉంటే చాలు. కారం లేనిదే ముద్ద దిగని మనవాళ్ళు సీసాలకు బదులు పొడి పొట్లం కట్టుకోవాలి. చలిని మాత్రం తేలికగా తీసుకోకండి. గుంటూరులో ఫ్యాను తిరిగే రోజుల్లోనే సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి వైపు గడ్డి మీద మంచు పేరుకుంటుంది.

ఊళ్ళో అడుగు పెట్టే ముందు పెద్దల అనుమతి తీసుకోవాలి. తెలిసిన ఉపాధ్యాయుడి ద్వారానో, ఆశా కార్యకర్త ద్వారానో ముందే కబురు పెట్టించి, వారు చూపిన ఇంట్లోనే దిగండి. ఊరి మొదట్లో గానీ, చెట్టు కింద గానీ నిలబెట్టిన రాళ్ళు కనిపిస్తే అలసటగా ఉంది కదా అని వాటి మీద కూర్చోవద్దు. అవి ఊరి దేవతలవి కావచ్చు. ఇళ్ళలో తమలో తాము ఒడియా కలిసిన మాటలో గానీ, కువి అనే గిరిజన భాషలో గానీ మాట్లాడుకునే ఊళ్ళు చాలా ఉన్నాయి. నన్ను చాలామంది 'నువ్వు' అనే పిలిచారు, అందులో అమర్యాద ఏమీ లేదు. మనం మాత్రం పెద్దవారిని 'అయ్యా', 'అమ్మా' అనే పిలవాలి. అడగకుండా ఫొటో తీయకూడదు.

అన్నిటికంటే జాగ్రత్తగా నేర్చుకోవలసింది నీటి వాడకం. నేను దిగిన ఊరికి నీరు వాలు కింద ఉన్న ఊట నుంచి వచ్చేది. రాళ్ళ మధ్య చిన్న గుంట, అందులో నీరు చెంబు మునిగేంత లోతు కూడా ఉండదు. తెల్లవారకముందే ఆడవాళ్ళు ఆనపబుర్రతో ఆ నీటిని బురద కదలకుండా పైపైన ముంచి బిందెలో పోసుకుంటారు. ఒక బిందె నిండాక గుంట మళ్ళీ ఊరే దాకా ఆగి, రెండోది నింపుతారు. పై గుంట తాగడానికి, దాని కింద పారేది బట్టలకు, ఇంకా కింద పశువులకు. ఈ వరుస తెలియక పై గుంట దగ్గర సబ్బుతో ముఖం కడిగితే ఊరంతటి తాగునీరు చెడినట్టే. స్నానానికి కింద పారే గెడ్డకు మీరే వెళ్ళాలి. తాగే నీటిని మరగబెట్టమని అడగాలంటే, ఆ పూట కట్టెలు మీరే తెచ్చి ఇవ్వండి.

తిండికి పెద్ద ఇబ్బంది ఉండదు. పొద్దున చోడి (రాగి) అంబలి, తరువాత అన్నం, పప్పో, ఆకుకూరో పెడతారు. బియ్యం, పప్పు, నూనె, ఎండుచేపలు సంతలోనే కొని, మీరే మోసుకెళ్ళి ఆ ఇంటికి ఇవ్వడం మర్యాద. ఆ ఎత్తులో నీరు మన దగ్గరకంటే సుమారు మూడు డిగ్రీలు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది, భోజనానికి తొందరపెట్టకండి.

ఇక పసుపు. మన దగ్గర జూన్ ప్రాంతంలో నాటి, నీళ్ళు కట్టి, ఎనిమిది తొమ్మిది నెలల్లో తవ్వేస్తాం. అక్కడ వానే ఆధారం కాబట్టి చాలామంది దుంపను భూమిలోనే ఉంచి రెండో ఏడు తవ్వుతారు. అంటే ఆ పొలం చెక్క నుంచి రెండేళ్ళకు ఒకసారే డబ్బు వస్తుంది. అందుకే పక్కనే చోళ్ళో, సామలో, రాజ్‌మానో వేసుకుంటారు. నీడ ఉన్న చోట కాఫీ, ఆ నీడనిచ్చే చెట్లకు మిరియాల తీగ పెంచుతారు. తవ్వకంలో సాయం చేస్తానని గునపం అందుకోవద్దు. అలవాటు లేని చేతికి కొమ్ము విరుగుతుంది, విరిగితే ధర తగ్గుతుంది. వేళ్ళు తీసి మట్టి దులపడం, పొడుగాటి కొమ్ములనూ, కాయలనే గుండ్రటి తల్లి దుంపలనూ వేరు చేయడం, ఉడకబెట్టేటప్పుడు మంట చూడడం మన వల్ల అయ్యే పనులు. ఉడికాక రెండు వారాల దాకా ఎండాలి. పచ్చి పసుపు ఐదు కిలోలు ఎండితే ఒక కిలోకు దగ్గరగా వస్తుంది, కాబట్టి ఎండిన దాని ధర ఎక్కువగా అనిపిస్తే ఈ లెక్క వేసుకుని చూడండి.

కొనాలనుకుంటే ఎండిన సరుకునే కొనండి, కాటా చూపించి, అక్కడికక్కడే డబ్బు చెల్లించండి. వచ్చే ఏటి పంట కోసమంటూ ముందుగా అప్పు ఇచ్చి ధర తెంచే పద్ధతికి మాత్రం పోవద్దు. షావుకార్ల అలాంటి దోపిడీ నుంచి కాపాడడానికే 1956లో గిరిజన సహకార సంస్థను ఏర్పాటు చేశారు. ఊరు నచ్చి అరెకరం కొనుక్కుందామనే ఆలోచన వస్తే, అది కుదరదని తెలుసుకోండి. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు.

జ్వరం వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా కిందికి దిగి మలేరియా పరీక్ష చేయించుకోవాలి. నడవలేని స్థితి దాకా ఆగితే డోలీ కట్టాలి. అంటే ఒక మనిషి కోసం కనీసం నలుగురు మార్చి మార్చి మోస్తూ ఆ పూట పని వదులుకోవాలి.

తిరుగు ప్రయాణం కూడా సంత రోజునే పెట్టుకోండి. తెల్లవారుజామున ఊరి వాళ్ళు చీపుర్లు, చింతపండు, పసుపు మూటలతో దిగుతారు. మీ దుప్పటి, దోమతెర ఆ ఇంట్లో వదిలేస్తే సంచి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలో వాళ్ళ పసుపు నాలుగు కిలోలు పెట్టుకుని రోడ్డు దాకా మోయండి. అడుగు వేసేటప్పుడు ముందు వెళ్ళేవారి మడమలు చూస్తూ, వారు కాలు పెట్టిన రాయి మీదనే పెట్టండి; మంచుకు తడిసిన మిగతా రాళ్ళు జారతాయి.